రెండు చుక్కల మధ్య గోడ

"ముట్టుకోకండి!"

ఆ అరుపుకి నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

నా ముందు బల్ల మీద, చిన్న ప్లాస్టిక్ పెట్టెలో, గోరంత చిప్ ఒకటి ఉంది. నేను చేసిన నేరమల్లా ఆ పెట్టె మూత తీయబోవడమే. తలుపు దగ్గర తెల్లటి క్లీన్‌రూమ్ సూటులో ఒక ఆకారం నిలబడి ఉంది. తలకి టోపీ, మూతికి మాస్కు, చేతులకి గ్లవ్స్. బయటికి కనిపిస్తున్నవల్లా రెండు కళ్ళు. ఆ రెండూ నన్ను నమిలి మింగేసేలా చూస్తున్నాయి.

"పట్టీ ఏది?"

"ఏ... ఏ పట్టీ?"

"మణికట్టుకి కట్టుకునే ఎర్త్ పట్టీ. మీరు కొత్తగా చేరిన రీసెర్చ్ స్కాలరా, పార్సిల్ తెచ్చిన మనిషా?"

"రీసెర్చ్ స్కాలర్‌నే."

"పార్సిల్ మనిషైనా అడిగి ముట్టుకుంటాడు."

గబగబా వచ్చి నా చెయ్యి లాక్కుంది. నల్లటి పట్టీ ఒకటి మణికట్టుకి బిగించి, దాని తీగ చివర బల్లకున్న ఇత్తడి బోల్టుకి తగిలించింది.

"కుర్చీలోంచి లేచినా చాలు, ఒంట్లో కొన్ని వందల వోల్టులు పుడతాయి. మీకు తెలీదు. దీనికి తెలుస్తుంది. అక్కడికక్కడే చచ్చిపోతుంది."

"చచ్చిపోతుందా?"

"మేమిక్కడ అలాగే అంటాం. నెలల తరబడి కష్టపడి చేసినదాన్ని పాడైపోయింది అనడానికి నోరు రాదు."

అన్నిటికీ తలూపాను. భయం సగం, ఆమె వేళ్ళు ఇంకా నా మణికట్టు మీదే ఉండటం సగం.

నేను పుట్టు భయస్తుణ్ణి. ఇందులో దాచుకోవడానికేమీ లేదు. లిఫ్ట్ అంటే భయం. కుక్కపిల్లంటే భయం. ఎవరైనా "నీతో కొంచెం మాట్లాడాలి" అన్నారంటే మరీ భయం. అలాంటివాణ్ణి ఏరి కోరి, తాకితే చచ్చే వస్తువులుండే ల్యాబ్‌లో చేరాను. ఆ చిప్పుల మీద క్వాంటం చుక్కలు తయారుచేసేది ఆమె. అందుకని ల్యాబంతా ఆమెని చుక్కలమ్మాయి అంటుంది. చిప్ తయారుచెయ్యడం ఆమె పని, కొలవడం నా పని.

కొలవడానికి మా గదిలో నిలువెత్తు ఫ్రిజ్ ఒకటుంది. లోకంలో ఇంతకన్నా చల్లబడటం కుదరదు అన్న చోటికి వెంట్రుకవాసి దూరం దాకా చిప్‌ని తీసుకెళ్తుంది. చల్లారడానికి రెండు రోజులు, తిరిగి మామూలు వేడికి రావడానికి ఇంకో రెండు రోజులు. గోడ మీద మీటరు పద్దెనిమిది మిల్లీకెల్విన్ల దగ్గర నిలబడి ఉండాలి. అది కదిలిందేమోనని నేను పది నిమిషాలకోసారి లేచి చూసొచ్చేవాణ్ణి.

"వచ్చాడమ్మా థర్మామీటర్," అనేది చుక్కలమ్మాయి. ఆ పేరు ఖాయమైపోయింది.

మొదటి నెలంతా ఆమె మొహంలో నాకు తెలిసింది కళ్ళు మాత్రమే. ఆమె చిప్పులు చేసే, దుమ్ము చొరని క్లీన్‌రూమ్‌కీ మా గదికీ మధ్య ఒక అద్దం కిటికీ ఉంది. మైక్రోస్కోప్ మీంచి తలెత్తినప్పుడల్లా ఆ కళ్ళు ఇటు చూసేవి. నేను వెంటనే మీటరు వైపు చూసేవాణ్ణి. పద్దెనిమిది. నా వేడి కొలిచే మీటరు లేకపోవడం నా అదృష్టం.

మాస్కు లేకుండా ఆమెని మొదటిసారి చూసింది వానలో. సాయంత్రం అయిదింటికి బిల్డింగ్ మెట్ల మీద ఇద్దరం ఇరుక్కుపోయాం. చినుకులు కాదు, కుండపోత.

"గొడుగుంది కదా మీ చేతిలో? ఇంకా నిలబడ్డారేం?" అంది.

"మెరుపులు తగ్గనీండి."

"గొడుగు పట్టుకున్నవాళ్ళని ఏరుకుని పడుతుందా పిడుగు?"

"గొడుగు కడ్డీ ఇనుముది."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న గుంట పడుతుందని అప్పుడు తెలిసింది. "చిప్పుకైనా ఇంత భయం ఉండదండీ," అని గొడుగు నా చేతిలోంచి లాక్కుని వానలోకి దిగింది. గొడుగు వెనకాలే నేనూ దిగక తప్పలేదు. బస్‌స్టాప్ దాకా ఉరిమిన ప్రతిసారీ నేను ఉలిక్కిపడటం, ఆమె నవ్వడం. వాన ఇంకాస్త సేపు కురిస్తే బావుండుననిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ భయం వేసింది.

నేను అక్క ఇంట్లో ఉంటున్నాను. అక్క పళ్ళ డాక్టరు. బావ హైస్కూల్లో లెక్కలు చెప్తాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క నా మొహం చూసి, "ఏంట్రా, తడిసొచ్చి కూడా వెలిగిపోతున్నావ్?" అంది.

"ఏం లేదు. ల్యాబ్‌లో పని బాగా సాగుతోంది."

"ఏం పనో ఒకసారి మనుషుల భాషలో చెప్పు."

చెప్పాను. "ఎలక్ట్రాన్లని పెట్టుకోవడానికి రెండు చిన్న గుంటలనుకో అక్కా. వాటినే చుక్కలంటాం. మధ్యలో ఒక గోడ. ఎలక్ట్రాన్‌కి ఆ గోడెక్కే బలం లేదు. అయినా ఉన్నట్టుండి అవతలి గుంటలో కనిపిస్తుంది. దాన్నే టన్నెలింగ్ అంటాం."

"ఎక్కలేదు, కన్నం పెట్టలేదు, అయినా అవతలుంది. దొంగ!"

"గోడ మరీ మందంగా ఉంటే దాటలేదు. మరీ పలచనైతే రెండు గుంటలూ కలిసిపోతాయి. ఎంత మందం ఉండాలో మధ్యనున్న ఒక గేటుకి వోల్టేజి ఇచ్చి మేం సరిచేస్తాం. ఆ గేటు అన్నిటికన్నా ముఖ్యం."

"ఆ గేటు తయారుచేసేది ఎవరు?"

"ఒకమ్మాయి."

అక్కా బావా ఒకర్నొకరు చూసుకున్నారు. నేను తల దించుకుని పెరుగు కలుపుకున్నాను.

అంతా సవ్యంగా సాగిపోతే ఇక చెప్పడానికేముంటుంది?

చుక్కలమ్మాయి ఎనిమిది నెలల్లో ఇరవై నాలుగు చుక్కల జంటలు చేసింది. ఇరవై మూడు రకరకాలుగా చచ్చాయి. మిగిలింది ఒక్కటి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చాం. గురువారం పదకొండింటికి ల్యాబ్ నడిపే మా ప్రొఫెసర్ మేడం వచ్చి చూస్తానన్నారు. మేడం పొట్టిగా, సన్నగా ఉంటారు, గొంతు ఎప్పుడూ పెంచరు. అందుకే ఆవిడంటే అందరికీ హడల్. టన్నెలింగ్‌ని మా ఇష్టప్రకారం పెంచి తగ్గించి చూపించగలిగితే చుక్కలమ్మాయి థీసిస్ ఈ డిజైన్ మీదే నడుస్తుంది. లేకపోతే ఈ డిజైన్ ఆపేసి, ఆమెని వేరే ఊళ్ళో ఉన్న ల్యాబ్‌కి మార్చేస్తారు. ఈ సంగతి మేడం చాలా మెల్లగా, చాలా స్పష్టంగా చెప్పారు.

శనివారం మధ్యగేటు చక్కగా పనిచేసింది. వోల్టేజి కొంచెం మారిస్తే స్క్రీన్ మీద, చుక్కల్లో ఎలక్ట్రాన్ల లెక్క చూపించే గీతలు కలిసే మూలలు గుండ్రంగా తిరిగాయి. మూల పదునుగా ఉంటే ఎలక్ట్రాన్ దాటనట్టు, గుండ్రమైతే దాటుతున్నట్టు. చుక్కలమ్మాయి ఆ మూలని చూసి చిన్నపిల్లలా గంతులేసింది. నేను మూలనీ చూశాను, ఆమెనీ చూశాను.

సోమవారం పొద్దున్న జరిగింది ఘోరం.

ఫ్రిజ్ పక్కన ఒక పెట్టె ఉంటుంది. దానికి వరసగా స్విచ్‌లు, ఒక్కో గేటుకి ఒక్కో స్విచ్. కేబుల్ మార్చే ముందు ఆ గేటు స్విచ్‌ని ఎర్త్ వైపు వెయ్యాలి. పళ్ళు తోముకున్నంత అలవాటుగా రోజూ చేసే పని. నేను మధ్యగేటు కేబుల్ మారుస్తున్నాను. సరిగ్గా అప్పుడే కిటికీ అద్దం మీద టకటకా చప్పుడైంది. అవతల చుక్కలమ్మాయి, గ్లవ్స్ చేతులతో గుండ్రంగా మూల ఆకారం చేసి చూపించి, బొటనవేలెత్తింది. నేను ఒక చేత్తో బొటనవేలెత్తాను. రెండో చేత్తో కేబుల్ లాగాను.

చిటుక్కుమంది.

అంత చిన్న చప్పుడు. స్విచ్ వైపు చూశాను. ఎర్త్ వైపు లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కిటికీ అవతల ఆమె అప్పటికే మళ్ళీ మైక్రోస్కోప్ మీదికి వంగింది. కొత్త కేబుల్ పెట్టి మధ్యగేటు వోల్టేజి మార్చి చూశాను. మూల కదల్లేదు. ఇంకా మార్చాను. పదునుగా, కత్తిలా అలాగే ఉంది. గోడ నా మాట వినడం మానేసింది.

గేటు మాడిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. లీకేజి టెస్ట్. గేటుకి చిన్న వోల్టేజి ఇచ్చి కరెంటు కారుతోందో లేదో చూడాలి. కారితే గేటు చచ్చినట్టే. రెండు నిమిషాల పని. మౌస్ మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను. నొక్కితే తెలిసిపోతుంది. తెలిస్తే చెప్పాలి. చెప్తే ఆమె వేరే ఊరు వెళ్ళిపోతుంది, నా మొహం మళ్ళీ చూడదు. వేలు తీసేశాను.

సాయంత్రం ఆమె వచ్చింది. "మూల ఎలా ఉంది?"

"ఫ్రిజ్... కొంచెం వేడెక్కింది. మళ్ళీ చల్లబడేదాకా ఆగాలి."

ఇలాంటి మాట ఎవరన్నా అంటే పది ప్రశ్నలు వేసే మనిషి. నా వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూసింది. "సరే," అని వెళ్ళిపోయింది. నమ్మిందనుకున్నాను. బతికానని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా.

మంగళవారం క్యాంటీన్‌కి వెళ్ళలేదు. ఆమె ఇంటర్‌కమ్‌లో పిలిస్తే పలకలేదు. మధ్యాహ్నం తలుపు దగ్గరికొచ్చి నిలబడింది, ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిపింది. నేను స్క్రూడ్రైవర్ వెతుకుతున్నట్టు బల్ల కింద దూరాను. బయటికొచ్చేసరికి ఆమె లేదు.

ఆ సాయంత్రం అక్క నా కంచం వైపు చూసింది. "రెండ్రోజులుగా కెలకడమే గానీ తినడం లేదు. ఏం జరిగిందిరా?"

కక్కేశాను. స్విచ్, చిటుక్కు, మూల, అన్నీ.

"మరి ఆ టెస్టేదో చేసి చూసుకోవచ్చుగా?"

"భయం."

"నీలాంటివాళ్ళు నా క్లినిక్‌కి రోజుకి నలుగురొస్తారు," అంది అక్క. "పన్ను కొంచెం జివ్వుమన్నప్పుడు రారు. చూపించుకుంటే ఏం చెప్తానోనని భయం. ఆర్నెల్లు దాచుకుని, దవడ వాచాక వస్తారు. అప్పుడు పీకడం తప్ప నేను చేసేదేమీ ఉండదు."

బావ మెల్లగా అన్నాడు, "ఆ అమ్మాయికి నీ తప్పు తెలిస్తే కోపం వస్తుంది. దాచావని తెలిస్తే ఏమొస్తుందో ఆలోచించుకో."

ఆలోచించాను. రాత్రంతా అదే పని.

బుధవారం మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గరికెళ్ళాను.

"మీతో కొంచెం మాట్లాడాలి," అన్నాను. నాకు అన్నిటికన్నా భయమైన మాట నా నోటితో నేనే అన్నాను.

ఆమె మొహం ఒక్కసారిగా పాలిపోయింది. "చెప్పండి."

"మధ్యగేటు పనిచెయ్యడం లేదు. సోమవారం కేబుల్ మారుస్తూ స్విచ్ వెయ్యడం మర్చిపోయాను. చిటుక్కుమంది. మీ గేటుని నేనే చంపేశాను. ఫ్రిజ్ వేడెక్కడం అబద్ధం. రెండ్రోజులు దాచాను. నన్ను ఏమన్నా అనండి."

తిడుతుందనుకున్నాను. చెయ్యి చేసుకున్నా పడదామనుకున్నాను. ఆమె గుడ్లప్పగించి చూసింది. "స్విచ్ వెయ్యలేదా?" అంది, కలలో మాట్లాడినట్టు.

"లేదు."

"అందుకా మీరు..." అని ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్యాగు తీసుకుని గబగబా బయటికి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే, వానలో గొడుగు లేకుండా బస్‌స్టాప్ వైపు నడుస్తోంది. వెనక పరుగెత్తడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుంటూ అక్కడే చతికిలబడ్డాను.

గురువారం ఎనిమిదింటికి నేను వెళ్ళేసరికి ఆమె నా కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. స్క్రీన్ మీద లీకేజి టెస్ట్ పేజీ తెరిచి ఉంది.

"కూర్చోండి. మీ ముందే చేస్తాను," అంది.

"వద్దండీ. ఎలాగూ చచ్చిందని తెలుసు కదా..."

"నాకు తెలియాల్సింది వేరే ఉంది."

నొక్కింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఫ్రిజ్ పంపు కొట్టుకుంటున్న చప్పుడు.

"కళ్ళు తెరవండి."

స్క్రీన్ మీద గీత నేలబారుగా సున్నా మీదే ఉంది. ఒక్క పిసరు కూడా పైకి లేవలేదు.

"లీకేజి లేదు!" ఎగిరి గంతేశాను. "అంటే చావలేదు! నేను చంపలేదు!"

"మీరు చంపలేదు." ఆమె గొంతులో సంతోషం లేదు. "గేటు బాగానే ఉంది. దానికి వోల్టేజి చేరడం లేదు, అంతే. తీగ ఊడిపోయింది. ఆ తీగ అతికించింది నేను."

నేను మళ్ళీ కూర్చున్నాను.

"మూడు వారాల క్రితం. అన్ని గేట్లకీ తీగలు ఒక్కసారికే అతుక్కున్నాయి. మధ్యగేటుది మాత్రం అంటుకోలేదు. రెండోసారి పెడితే అంచు మీద అంటీ అంటనట్టు కూర్చుంది. మూడోసారి ప్రయత్నిస్తే అడుగున్న బంగారు పొర లేచొస్తుందేమోనని భయమేసింది. లాగ్‌బుక్‌లో 'మధ్యగేటు: బాగుంది' అని రాసేశాను. చలికి ముడుచుకుని శనివారం తర్వాత, మీరు కేబుల్ లాగేలోపే ఊడుంటుంది. అందుకే ఆ చిటుక్కు గేటు దాకా చేరలేదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"సోమవారం మీరు ఫ్రిజ్ వేడెక్కిందన్నారు. గోడ మీద మీటరు పద్దెనిమిది చూపిస్తోంది. అబద్ధమని అప్పుడే తెలిసింది. తీగ ఊడిన సంగతి మీరు కనిపెట్టారనుకున్నాను. మేడంకి ఎలా చెప్పాలా అని తప్పించుకు తిరుగుతున్నారనుకున్నాను. నిన్న మీరు 'మాట్లాడాలి' అన్నప్పుడు, నా బండారం బయటపడిందనుకున్నా. మీరేమో తప్పంతా మీ నెత్తిన వేసుకుని..." చెంపలు తుడుచుకుంది. "నిన్నే చెప్పాల్సింది. సిగ్గుతో పారిపోయాను."

నాకు మొదటిసారి కోపం వచ్చింది. "రెండ్రోజులు నాకు నిద్ర లేదు తెలుసా?"

"నాకు మూడు వారాలుగా లేదు."

ఆమె ఉబ్బిన కళ్ళనీ ఎర్రబడ్డ ముక్కునీ చూస్తుంటే ఆ కోపం కాస్తా ఎటో జారిపోయింది. ఇలా ఎదురుగా కూర్చుని ఏడ్చినా సరే, ఈమె ఈ గదిలోనే ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే.

"పదకొండింటికి మేడం వస్తారు," అంది. "తీసి మళ్ళీ అతికించడానికి నాలుగైదు రోజులు పడుతుంది. నేను బ్యాగు సర్దుకోవడం మంచిది."

"ఆగండి. మధ్యగేటుకి అటూ ఇటూ ఉన్న గేట్లు పనిచేస్తున్నాయి కదా? ఆ రెండింటినీ కొంచెం కొంచెం లాగితే గోడ పక్కల నుంచి పలచబడాలి."

"వాటినలా లాగడానికి చెయ్యలేదు నేను. ఎక్కువైతే అవీ మాడిపోతాయి. ఉన్న ఒక్క చిప్పూ పోతుంది."

"ఎంతదాకా తట్టుకుంటాయో చేసిన మీకు తెలుస్తుంది. ఎంత మెల్లగా లాగాలో నాకు తెలుసు."

ఆమె నన్ను వింతగా చూసింది. "మీకు భయంగా లేదా?"

"చచ్చేంత భయంగా ఉంది. మీరు నంబర్లు చెప్పండి."

మొదలుపెట్టాం. ఒక్కో మిల్లీవోల్టు. ఆమె చిప్ బొమ్మ ముందు పెట్టుకుని చెప్తుంది, నేను నొక్కుతాను. ప్రతి మెట్టుకీ ఆగి, కరెంటు కారుతోందేమో చూస్తాం. తొమ్మిదైంది. మూల పదునుగానే ఉంది. తొమ్మిదిన్నర. అలాగే ఉంది. చుక్కల్లో ఎలక్ట్రాన్లు ఎక్కువైతే వేరే గేటుతో తగ్గించాం. పదింటికి గీతలన్నీ ఒక్కసారిగా పక్కకి దూకాయి. ఇద్దరం కేక పెట్టాం. ఆమె నా మోచెయ్యి పట్టేసుకుంది.

"పోయిందా?"

"తెలీదు. కదలకండి."

కదలకపోతే చిప్‌కి ఒరిగేదేమీ లేదు. అయినా ఊపిరి కూడా బిగబట్టాం. మళ్ళీ స్కాన్ చేశాను. గీతలు కొత్త చోట కుదురుగా ఉన్నాయి. లీకేజి లేదు. లోపలెక్కడో ఇరుక్కున్న ఎలక్ట్రాన్ ఒకటి చోటు మారిందంతే.

"ఇంకెంత లాగొచ్చు?" అన్నాను.

"ఎనిమిది. పదికి మించి వద్దే వద్దు."

అయిదు. ఆరు. ఏడు. నాకు ముచ్చెమటలు పోశాయి. ఎనిమిది దగ్గర స్కాన్ మెల్లగా, ఒక్కో వరసా గీసుకుంటూ పైకి పాకింది. మూల దగ్గరికొచ్చింది.

మూల వంగింది. కొంచెమే. గోరు అంచంత గుండ్రం.

"దాటుతోంది!" అంది ఆమె, గుసగుసగా. గట్టిగా అంటే ఎక్కడ ఆగిపోతుందోనని భయం. ఒక మెట్టు వెనక్కి తగ్గించాను, మూల పదునెక్కింది. మళ్ళీ పెంచాను, గుండ్రమైంది. గోడ మళ్ళీ మా మాట వింది.

పదకొండింటికి మేడం వచ్చారు. స్క్రీన్ చూశారు. రెండుసార్లు పెంచి తగ్గించమన్నారు. తర్వాత ఆ మెల్లటి గొంతుతో అడిగారు, "మధ్యగేటు వాడకుండా పక్క గేట్లతో ఎందుకు చేస్తున్నారు?"

తీగ మాట ఎత్తితే ఆమెని పంపించేస్తారు. నేను "మేడం, తప్పు నా..." అనబోయాను. చుక్కలమ్మాయి నా కాలు గట్టిగా తొక్కింది.

"తీగ ఊడింది మేడం. అది సరిగ్గా అంటలేదని నాకు ముందే తెలుసు. బాగుందని రాశాను."

"ఎందుకలా రాశావు?"

"భయమేసింది మేడం."

మేడం లాగ్‌బుక్ తీసుకురమ్మన్నారు. మా లాగ్‌బుక్‌లో పేజీ చింపకూడదు, చెరపకూడదు. తప్పు రాస్తే కింద అక్షరాలు కనపడేలా ఒకే గీత కొట్టి, సంతకం పెట్టాలి. ఆ పద్ధతిలోనే 'బాగుంది' అన్న మాట మీద ఆమె చేత గీత కొట్టించారు.

"మేడం, సోమవారం పేజీలో కూడా ఒకటుంది," అన్నాను. 'కేబుల్ మార్చాను' అని రాసుకున్న చోట 'స్విచ్ వెయ్యకుండా' అని చేర్చి సంతకం పెట్టాను.

మేడం ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "మీరిద్దరూ కలిసి రెండు గంటల్లో చేసింది బాగుంది. దీన్ని థీసిస్‌లో ఒక చాప్టర్‌గా రాయి," అన్నారు చుక్కలమ్మాయితో. "ఈ మాట మూడు వారాల ముందు చెప్పుంటే రెండు చాప్టర్లయ్యేవి."

"అంటే... నేను వేరే ల్యాబ్‌కి..."

"ఎవరు వెళ్ళమన్నారు నిన్ను?"

తర్వాత మేడం స్కేలు అడిగారు. ఆ రోజు పేజీలో తేదీ, ఉష్ణోగ్రత, చేసిన పని అన్న గళ్ళ పక్కన, ఓపిగ్గా ఇంకో నిలువు గీత గీశారు. పైన ఎర్ర ఇంకుతో 'భయం' అని రాశారు.

"ఇద్దరూ రోజూ ఇక్కడ రాయాలి. ఏ భయమూ లేకపోతే లేదని రాయండి. ఖాళీ వదిలితే ఒప్పుకోను. సోమవారం వచ్చి చూస్తాను."

ఆవిడ వెళ్ళిపోయాక ఇద్దరం కుర్చీల్లో కూలబడ్డాం. ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, ఆ బుగ్గ గుంటలోంచే కన్నీళ్ళు కారాయి. తర్వాత లాగ్‌బుక్ నా ముందుకి తోసింది. "ముందు మీరు."

'పక్క గేట్లు కూడా పోతాయేమో' అని రాశాను.

భుజం మీంచి చదివింది. "అబద్ధం. అవి బ్రహ్మాండంగా ఉన్నాయని ఇప్పుడేగా చూశాం. ఇందాకే సంతకాలు పెట్టి మళ్ళీ దొంగ రాతలా?"

"నిజం రాస్తే మీరు లేచి వెళ్ళిపోతారు."

"ఎక్కడికి వెళ్తాను? ఎలక్ట్రాన్నీ గోడనీ పెట్టి కవిత్వం మాత్రం రాయకండి. అప్పుడు నిజంగానే లేచిపోతాను."

కవిత్వం నాకు రాదు. మొదటి మాట మీద ఒక గీత కొట్టి, సంతకం పెట్టాను. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాని కింద రాశాను: 'చిప్ పోయిందని కాదు, ఈమె దూరమైపోతుందని భయపడ్డాను. ఈమెంటే నాకు ఇష్టం. ఆ మాట అడిగితే కాదంటుందేమో.'

ఆమె చదివింది. నేను మీటరు వైపు చూశాను, నేల వైపు చూశాను, తలుపు ఎంత దూరంలో ఉందో కూడా చూసుకున్నాను. అంతలో నా చేతిలోంచి పెన్ను లాక్కుంది. తన వరసలో, గుండ్రటి అక్షరాలతో, ఒక్క ముక్క రాసింది.

'ఇతను ఎప్పటికీ అడగడేమో.'

మూడుసార్లు చదువుకున్నాను. నాలుగోసారికి అక్షరాలు అలుక్కుపోయాయి.

"అడుగుతున్నాను," అన్నాను. "నాతో ఉంటావా?"

"ఉంటాను." సిగ్గుపడి, వెంటనే కళ్ళు పెద్దవి చేసింది. "అయ్యో! సోమవారం మేడం ఇది చూస్తారు!"

పిడుగు పడ్డట్టయింది. "చింపేద్దామా?"

"పేజీ నంబర్లున్నాయి."

"గీత కొట్టేద్దాం."

"ఒక్క గీతేగా కొట్టాలి. కింద అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. పైగా తప్పు రాశానని సంతకం పెట్టాలి." నా వైపు చూసింది. "నువ్వు పెడతావా?"

"పెట్టను. ఏమైనా సరే పెట్టను."

"నేనూ పెట్టను."

ఆదివారం ఆమెని ఇంటికి తీసుకెళ్ళాను. అక్క తలుపు తీసి, "నా తమ్ముణ్ణి రెండ్రోజులు పస్తు పెట్టింది నువ్వేనా?" అంది. "నేనే వదినా, తీగ నాదే," అని ఆమె అంతా ఒప్పేసుకుంది. బావ నవ్వుతూ కుర్చీ జరిపాడు. మేడం సంగతి తల్చుకుని మాత్రం మా ఇద్దరికీ ముద్ద దిగలేదు.

సోమవారం తొమ్మిదింటికి మేడం వచ్చి లాగ్‌బుక్ తెరిచారు. మేమిద్దరం ఫ్రిజ్ వెనక నిలబడ్డాం, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని. రెండు చేతులూ చల్లగా ఉన్నాయి. మేడం ఒక్కో వరసా వేలితో చూసుకుంటూ వచ్చారు. వేలు గురువారం దగ్గర ఆగింది. కళ్ళజోడు సరిచేసుకున్నారు. మళ్ళీ చదివారు. ఎర్ర పెన్ను తీసి ఏదో రాసి, పుస్తకం మూసి, మా వైపు చూడకుండానే వెళ్ళిపోయారు.

ఎవరు తెరవాలన్న దాని మీద కాసేపు వాదించుకున్నాం. చివరికి ఇద్దరం కలిసే తెరిచాం. మా ఇద్దరి వరసలకీ ఒకే బ్రాకెట్ గీసి, పక్కన ఇలా రాసి ఉంది:

'చూశాను. రెండు భయాలకీ ఆధారం లేదు. సంతోషం.'

కింద తేదీ వేసి సంతకం పెట్టారు.